అంటు నిలవని తొమ్మిది ఎలుకలు: నా అనుభవం

ఒక ఎలుక తోక చర్మాన్ని మరో ఎలుక వీపు మీద అంటు కట్టిన ఏడో రోజు ఉదయం కట్టు విప్పాలి. ఎలుకకు కొద్దిగా మత్తు ఇచ్చి, వెచ్చటి పలక మీద బోర్లా పడుకోబెట్టి, నడుము చుట్టూ ఉన్న పట్టీని కడుపు వైపు నుంచి మొద్దు మొన కత్తెరతో కత్తిరించాను. పట్టీ కింద వాజలీను పూసిన గాజ్ గుడ్డ ఉంటుంది. దాన్ని ఒక మూల నుంచి ఎత్తుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టాను. గుడ్డతో పాటు చర్మం ముక్క కూడా లేచి వస్తే అంటు పట్టలేదన్నమాట. అది లేవలేదు. నల్లటి వీపు మధ్య, బూడిద కలిసిన గులాబీ రంగులో, సన్నటి పొలుసుల వరుసలతో, సెంటీమీటరు పొడవు, సెంటీమీటరు వెడల్పు ఉన్న తోక చర్మం కుదురుగా కూర్చుని ఉంది. పట్టకారు మొనతో మెల్లగా నొక్కితే పాలిపోయింది, వదలగానే మళ్లీ రంగు తిరిగింది. కింది నుంచి రక్తం అందుతోంది.

పన్నెండుకు పన్నెండూ అలాగే ఉన్నాయి. సాయంత్రం నాన్నకు ఫోను చేసి, "అన్నీ పట్టాయి నాన్నా" అని చెప్పాను. మాది నూజివీడు దగ్గర పల్లె. నాన్న ఏళ్ల తరబడి మామిడి అంట్లు కడుతున్నారు. నేను ఎలుకల చర్మంతో చేసే పని ఆయనకు అంటు కట్టడంలాగే అర్థమైంది, నిజానికి మాటా అదే, పనీ అదే. ఆయన సంతోషించారు గానీ ఒక మాట అన్నారు. "చిగురు వేసేదాకా పట్టిందని అనకమ్మా. కట్టు విప్పిన రోజు అన్నీ పచ్చగానే ఉంటాయి."

నేను హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థలో చర్మ కేన్సర్ మీద పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. మా దగ్గర ఒక జన్యువును తీసేసిన చిట్టెలుకల సంతతి ఉండేది. వాటి చర్మంలోకి కేన్సర్ కణాలు ఎక్కిస్తే, మామూలు ఎలుకలతో పోలిస్తే కణితి నెమ్మదిగా పెరిగేది. ఎందుకు? ఆ జన్యువు చర్మంలోనూ పనిచేస్తుంది, రక్తంలోని రోగనిరోధక కణాల్లోనూ పనిచేస్తుంది. కణితిని అడ్డుకుంటున్నది చర్మమా, రక్తమా? తేల్చడానికి ఉన్న దారుల్లో తేలికగా అర్థమయ్యేది చర్మాన్ని మార్చి చూడటం. జన్యువు లేని ఎలుక చర్మాన్ని మామూలు ఎలుక వీపు మీద అంటు కట్టాలి. అది నిలదొక్కుకున్నాక అందులో కేన్సర్ కణాలు నాటాలి. అక్కడ కూడా కణితి నెమ్మదిగా పెరిగితే కారణం చర్మం. మామూలుగా పెరిగితే కారణం మరో చోట ఉంది. నాకు చర్మం మీదే నమ్మకం ఉండేది. నా మొదటి ఏడాది నివేదికంతా ఆ నమ్మకం మీదే రాశాను.

ఒకరి చర్మం మరొకరికి పట్టదన్న సంగతి 1943లోనే స్పష్టమైంది. గ్లాస్గోలో ఒళ్లు కాలిన ఒక మహిళకు ఆమె సోదరుడి చర్మం అతికించి పీటర్ మెదావర్, టామస్ గిబ్సన్ గమనించారు. మొదటిసారి పెట్టిన ముక్కలు కొన్నాళ్లు నిలిచి రాలిపోయాయి. రెండోసారి పెట్టినవి అంతకన్నా తొందరగా రాలిపోయాయి. అంటే శరీరం గుర్తుపెట్టుకుంది. ఆ దారిలో చేసిన కృషికే మెదావర్‌కు 1960లో నోబెల్ వచ్చింది. మరి ఎలుకల్లో మేము ఒకదాని చర్మం మరొకదానికి ఎలా పెట్టగలుగుతున్నాం? అన్నాచెల్లెళ్లనే తరతరాలుగా జత కట్టిస్తూ వస్తే, చివరికి ఆ సంతతిలోని ఎలుకలన్నీ కవల పిల్లల్లా ఒకే జన్యువులతో పుడతాయి. మేము వాడే నల్ల ఎలుకలు, ప్రయోగశాల భాషలో 'బ్లాక్ సిక్స్', 1921లో క్లారెన్స్ లిటిల్ మొదలుపెట్టిన సంతతి. కవలల మధ్య చర్మం మార్చినట్టే కాబట్టి ఇక బెంగ లేదు అనుకున్నాను.

అనుమతి రావడానికి రెండు నెలలు పట్టింది. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ప్రతి సంస్థలోనూ జంతు ప్రయోగాల నీతి కమిటీ ఉండాలి, కేంద్ర కమిటీ తరఫు సభ్యులు కూడా అందులో కూర్చుంటారు. అలా వచ్చిన ఒక పశువైద్యుడు నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ చెవుల్లో ఉంది. "పన్నెండు ఎందుకు? ఎనిమిదితో ఎందుకు తేలదు?" లెక్క చూపించాను. ఎలుకలకు బదులు వేరే పద్ధతి ఉందా, ఉన్నవాటి సంఖ్య తగ్గించవచ్చా, వాటి బాధ తగ్గించవచ్చా అన్న మూడు ప్రశ్నలూ 1959లో రసెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లండులో వేసినవి. ఇప్పుడు ప్రపంచమంతా ప్రతి దరఖాస్తులోనూ వాటికి జవాబు రాస్తారు. నేనూ రాశాను. రెండో ప్రశ్నకు జవాబుగా, చర్మం ఇచ్చే దాతల కోసం కొత్తగా ఎలుకలను పెంచనని, సంతతిలో మిగిలిపోయినవాటినే వాడతానని రాశాను. మనస్ఫూర్తిగానే రాశాను. ఆ వాక్యం దగ్గరికి మళ్లీ వస్తాను.

ఎలుకను పట్టుకోవడం నేర్పింది ఎలుకలను పెంచే యానిమల్ హౌస్‌లో పని చేసే పెద్దాయన. అప్పటికే పదవీ విరమణకు దగ్గర పడ్డారు, అయినా అందరం ఆయనను అన్నా అనే పిలిచేవాళ్లం. నేను తోక పట్టుకుని ఎత్తబోతే ఆపారు. "తోక పట్టుకోకమ్మా. దానికి అది గద్ద ఎత్తుకుపోయినట్టు ఉంటుంది." ప్రతి బోనులోనూ అరచేయి పొడవున్న అట్ట గొట్టం ఒకటి పెట్టి ఉంచేవారు. గొట్టాన్ని దగ్గరికి తెస్తే ఎలుక తనంతట తానే అందులోకి దూరుతుంది, గొట్టంతో పాటే దాన్ని ఎత్తాలి. తోక పట్టి ఎత్తిన ఎలుకలు మనిషి చేతికి బెదిరిపోతాయని, గొట్టంతో ఎత్తినవి అంతగా బెదరవని లివర్‌పూల్ విశ్వవిద్యాలయం వారు 2010లో ప్రచురించారు. ఆ పత్రం సంగతి నేను చెప్పేనాటికి అన్న ఎన్నో ఏళ్లుగా అలాగే చేస్తున్నారు. వారం రోజులు నాతో ఏ ప్రయోగమూ చేయించకుండా రోజుకు గంటసేపు గొట్టాలతో బోను మార్పించారు. ఆ వారం నాకు ఎంత మేలు చేసిందో శస్త్రచికిత్స రోజు తెలిసింది. నా ఎలుకలు మత్తు పెట్టెలోకి కిచకిచలు లేకుండా వెళ్లాయి.

ఇక అంటు కట్టడం. దాత ఎలుకను కార్బన్ డయాక్సైడ్‌తో చంపాక, తోకను ఆల్కహాలుతో తుడిచి, కింది వైపు మొదలు నుంచి కొస దాకా బ్లేడుతో ఒక గీత గీస్తాం. మొదలు దగ్గర చర్మాన్ని పట్టకారుతో పట్టి లాగితే, ఎముక నుంచి మేజోడు ఊడినట్టు ఒకే పట్టీగా వచ్చేస్తుంది. దాన్ని ఉప్పు ద్రావణంతో తడిపిన గుడ్డ మీద పరిచి సెంటీమీటరు ముక్కలుగా కోస్తాం. ఒక తోక నుంచి నాలుగైదు ముక్కలు వస్తాయి. నేను ఒక్కో దాత నుంచి మూడు చొప్పున తీసుకున్నాను. ఇద్దరు మామూలు దాతలు, ఇద్దరు జన్యువు లేని దాతలు, మొత్తం పన్నెండు ముక్కలు.

చర్మం అందుకునే ఎలుకను ఐసోఫ్లోరేన్ మత్తులో ఉంచాలి, కళ్లు ఎండిపోకుండా లేపనం రాయాలి, నొప్పి మందు ముందే ఇవ్వాలి. వీపు మీద బొచ్చు గీసి, అయోడిను, ఆల్కహాలు మార్చి మార్చి మూడుసార్లు తుడవాలి. ఆ తర్వాతిదే అసలు పని. వంపు కత్తెరతో పై చర్మాన్ని మాత్రమే తీయాలి. దాని కింద ఉల్లిపొరలాంటి పల్చటి కండర పొర ఉంటుంది. ఆ పొరలో రక్తనాళాలు ఎర్రటి దారాల్లా కనిపిస్తాయి. అది తెగితే కొత్త చర్మానికి రక్తం అందదు. మొదటి ఎలుకకు ఆ పొరను రెండు చోట్ల గీరేశాను, నెత్తురు చెమర్చింది. పది నిమిషాలు గుడ్డతో అదిమి పట్టి కూర్చున్నాను. చేతి వణుకు తగ్గాకే రెండోది మొదలుపెట్టాను. ముక్కను అమర్చేటప్పుడు దాని వెంట్రుకల వాలు ఎలుక వీపు వాలుకు ఎదురుగా ఉండేలా తిప్పి పెడతాం. నెలల తర్వాత కూడా ఏది సొంత చర్మం, ఏది అంటు అన్నది ఆ ఎదురు వాలును బట్టి తెలుస్తుంది. ఆపై గాజ్ గుడ్డ, పట్టీ. పట్టీ వదులైతే ముక్క జారుతుంది, బిగువైతే ఎలుకకు ఊపిరి ఆడదు. మా గైడు మేడమ్ పక్కన నిలబడి ప్రతి కట్టు కిందా తన చిటికెన వేలి గోరు దూర్చి చూశారు.

చర్మం అందుకున్నవన్నీ ఆడ ఎలుకలే. మగవాటిని ఒకచోట ఉంచితే కొట్లాడుకుని వీపులు కొరుక్కుంటాయి. అంటు ఉన్న వీపు మీద అలాంటి గాయాలైతే ఇక చూసేదేమీ ఉండదు.

కట్టు విప్పాక రెండు వారాలు అంతా బాగుంది. ఇరవై రెండో రోజున ఒక ముక్క అంచు కందినట్టు ఎర్రబడింది. మర్నాటికి మరో రెండు. తర్వాత అవి బిగుసుకుని, ఎండి, అప్పుడే మొలుస్తున్న వెంట్రుకలు రాలి, అంచులు చెక్కులా లేచాయి. ముప్పై అయిదో రోజుకు లెక్క ఇది: జన్యువు లేని చర్మం ఆరింటికి ఆరూ పోయాయి. మామూలు చర్మం ఆరింటిలో మూడు పోయాయి, మూడు నిక్షేపంగా ఉన్నాయి.

ఆ వారం నా మనసు ఎలా పరుగెత్తిందో దాచకుండా చెబుతాను. ఆరుకు ఆరు, ఆరుకు మూడు. జన్యువు లేని చర్మాన్ని శరీరం ఎక్కువగా తిరస్కరిస్తోంది! మేము వెతకనిదేదో దొరికిందనుకున్నాను. రాత్రి హాస్టల్లో కూర్చుని బొమ్మలు గీశాను, శీర్షిక కూడా రాసుకున్నాను. పొద్దున్నే మేడమ్ ముందు పెట్టాను. ఆవిడ ఆరు ముక్కలను కాదు, మూడు ముక్కలను చూశారు. "జన్యువు లేని వాటి సంగతి తర్వాత మాట్లాడదాం. ఈ మామూలు చర్మం మామూలు ఎలుక మీద ఎందుకు పోయింది? దీనికి జవాబు లేకుండా రెండోదాని గురించి ఏమీ చెప్పలేం." క్రిములు సోకాయేమో చూశాం, లేదు. కట్టు లోపం అయితే మొదటి వారంలోనే పోవాలి, మూడు వారాలు ఆగదు. మూడు వారాలు ఆగి పోవడం రోగనిరోధక కణాల లక్షణం. పోయిన మూడూ ఒకే దాత ముక్కలని నా నోటుపుస్తకంలో ఉంది. ఆ దాత వయసు, సంతతి, చెవి నంబరు ఉన్నాయి. అంతకు మించి లేదు.

ఆ మధ్యాహ్నం యానిమల్ హౌస్‌లో అన్నను అడిగాను. "అన్నా, ఈ నంబరు ఎలుకలో ఏమైనా తేడా ఉండేదా?" ఆయన బీరువాలోంచి పొడవాటి రిజిస్టరు తీశారు. కంప్యూటర్‌లో ఎక్కించే వివరాలన్నీ ఆయన విడిగా చేత్తో కూడా రాసుకునేవారు. వేలితో వరుస వెంట వెళ్లి ఆగారు. "తేడా ఏమీ లేదమ్మా. మంచి ఎలుక. మగది." మిగతా మూడు నంబర్లు కూడా చెప్పాను. "ఇదీ మగది. ఇదీ మగది. ఇది ఆడది."

నాలుగో నంబరు దాత చర్మం పెట్టిన ఎలుకలు మూడూ ఎదురుగా బోనులో ఉన్నాయి. వీపుల మీద అంటు చక్కగా ఉంది.

1955లో ఐక్వాల్డ్, సిల్మ్సర్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే చూశారు. ఒకే సంతతి ఎలుకల్లో ఆడదాని చర్మం మగదానికి పడుతుంది, ఆడదానికీ పడుతుంది, మగదాని చర్మం మగదానికి పడుతుంది. మగదాని చర్మం ఆడదానికి మాత్రం పట్టదు. మగ ఎలుక కణాల్లో వై క్రోమోజోమ్ ఉంటుంది, అది తయారుచేసే కొన్ని ప్రోటీన్ల తునకలు ఆడ ఎలుక శరీరం ఎన్నడూ చూడనివి. కవలలంత దగ్గరి బంధువు అయినా సరే, టి కణాలు అనే రోగనిరోధక కణాలు ఆ చిన్న తునకను పట్టుకుంటాయి. అన్ని సంతతుల్లోనూ ఇంత గట్టిగా జరగదు. బ్లాక్ సిక్స్ ఆడ ఎలుకలు మాత్రం ఈ విషయంలో పేరు మోసినవి. ఇది అరవై ఏళ్లకు పైగా పాఠ్యపుస్తకాల్లో ఉన్న విషయం. పరీక్షలో నేనూ రాశాను. కత్తెర చేత పట్టిన రోజున గుర్తుకు రాలేదు.

సంతతిలో మిగిలిపోయినవాటినే దాతలుగా వాడతానని రాశానని చెప్పాను కదా. ఏ సంతతిలోనైనా మిగిలిపోయేవి ఎక్కువగా మగవే, ఆడవాటిని మళ్లీ పెంపకానికి ఉంచుకుంటారు. ఎలుకలు వృథా కాకూడదని పెట్టుకున్న నియమమే, దాత ఆడదా మగదా అన్న ఒక్క గడి నింపకపోవడం వల్ల తొమ్మిది ఎలుకలను వృథా చేసింది. మత్తు, కోత, కట్టు, ఒంటరిగా వారం రోజులు, ఇవన్నీ అవి భరించాయి, వాటి నుంచి మేము నేర్చుకున్నది పాఠ్యపుస్తకంలో ముందే ఉన్నది. ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. నాన్నకు చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి అడిగారు. "మామిడి చెట్టు ఏ మామిడి కొమ్మ తెచ్చి కట్టినా కాదనదు కదమ్మా, ఈ చిన్న ప్రాణి ఎందుకు కాదంటుంది?" చెట్టుకు ఒంట్లో తిరుగుతూ ప్రతి కణాన్నీ పలకరించి పోయే కాపలా కణాలు లేవని, ఎలుకకూ మనకూ ఉన్నాయని చెప్పాను. "అయితే దాని తప్పు లేదు" అన్నారు.

కమిటీకి జరిగింది జరిగినట్టు రాసి మరో పన్నెండు ఎలుకలకు అనుమతి అడిగాం. ఈసారి అదే పశువైద్యుడు ఒకే ఒక్క మాట అడిగారు, దాతల వివరాలు ఎవరు సరిచూస్తారని. ఇద్దరం వేర్వేరుగా చూసి సంతకం పెడతామని రాసిచ్చాం.

రెండోసారి దాతలన్నీ ఆడవే. తోక చర్మం బిరుసుగా ఉండి సన్న సూదికి లొంగదు కాబట్టి డొక్క చర్మం తీసుకున్నాం. దాని వెనక అంటుకుని ఉండే కొవ్వును బ్లేడు వీపుతో గీకి తీసేయాలి, కొవ్వు మిగిలితే రక్తం అందదు. ఒక ఎలుక మూడో రోజే కట్టు కొరికేసుకుంది, దాని అంటు ఎండిపోయింది. మిగతా పదకొండూ నిలిచాయి. ఇరవై రెండో రోజు దాటింది, ముప్పై అయిదో రోజు దాటింది. ఎదురు వాలుతో నల్లటి బొచ్చు మొలిచింది. నాన్న చెప్పిన చిగురు అదే.

అంటు పూర్తిగా నిలదొక్కుకోవడానికి ఆరు వారాలు ఆగాం. ఆ ఖాళీలో పక్క బెంచీ సీనియర్ అక్క దగ్గర మరో పద్ధతి నేర్చుకున్నాను. ఇందులో నాటేది చర్మాన్ని కాదు, విడి విడి చర్మ కణాలను. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల చర్మాన్ని, కణాలను విడదీసే ట్రిప్సిన్ ద్రావణంలో రాత్రంతా ఫ్రిజ్‌లో తేలనిస్తారు. తెల్లారేసరికి పై పొర, నానిన బాదంపప్పు పొట్టులా, పట్టకారుతో తాకగానే విడివడుతుంది. పై పొర నుంచి కెరటినోసైట్లు అనే కణాలను, కింది పొర నుంచి ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలను విడదీసి రెండూ కలుపుతారు. చూడటానికి అది మబ్బుగా ఉన్న గంజి నీళ్లే. ఎలుక వీపు మీద అర రూపాయి బిళ్లంత గాయం చేసి, అందులో టోపీ ఆకారపు చిన్న సిలికాన్ గిన్నెను బోర్లించి, దాని నెత్తిన ఉన్న రంధ్రం గుండా ఆ నీళ్లు పోస్తారు. వారానికి గిన్నె తీసేస్తారు. నాలుగైదు వారాలకు అక్కడ పొరలతో, వెంట్రుకలతో సహా చర్మం ఉంటుంది! చెదిరిపోయిన కణాలు తమ చోటు తామే వెతుక్కుని, పక్కవాటితో కలిసి, మళ్లీ వెంట్రుక కుదుళ్లు కడతాయి. అక్క నాలుగో వారంలో నన్ను పిలిచి భూతద్దం కింద చూపించింది. గులాబీ రంగు వీపు మీద పదీ పదిహేను నల్ల చుక్కలు పొడుచుకొస్తున్నాయి. నేను అంతసేపు దేన్నీ చూడలేదు.

ఆ వీపు గులాబీ రంగులో ఉండటానికి కారణం ఉంది. అవి నూడ్ రకం ఎలుకలు, పుట్టుకతో బొచ్చు ఉండదు. ఆ రకాన్ని 1966లో వర్ణించారు. వాటికి థైమస్ గ్రంథి కూడా లేదని 1968లో తేలింది. థైమస్ లేకపోతే టి కణాలు తయారు కావు, తిరస్కరణ ఉండదు. మరుసటి ఏడాదే డెన్మార్క్‌లో రిగార్డ్, పోవ్ల్సెన్ మనిషి పేగు కణితిని ఆ ఎలుకలో పెంచగలిగారు. మనుషుల చర్మ కణాలు, మనుషుల కణితులు ఎలుకల్లో పెంచి మందులు పరీక్షించే పని అక్కడి నుంచే ఊపందుకుంది. వాటికి మగ చర్మమైనా, ఆడ చర్మమైనా, మనిషి చర్మమైనా ఒకటే. కానీ ఆ నిస్సహాయతకు మూల్యం ఉంది. మనకు జలుబైనా చేయనంత చిన్న క్రిమి వాటిని చంపగలదు. నీళ్లు, మేత, పొట్టు అన్నీ ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడి ఆవిరి పాత్రలో, కాచి ఇవ్వాలి. ఆ గదిలోకి వెళ్లేముందు అక్క మోచేతుల దాకా చేతులు కడుక్కునే తీరు పూజకు కూర్చునేవారి శ్రద్ధలా ఉండేది.

ఈ గదిలోనే అన్న నాకు మరో సంగతి చూపించారు. ఒకరోజు వయసున్న బ్లాక్ సిక్స్ పిల్లలను అరచేతిలో పెట్టి, "మగదేదో చెప్పమ్మా" అన్నారు. గులాబీ రంగు చిక్కుడు గింజల్లా ఉన్నాయి, చెప్పలేకపోయాను. తోక కింద, రెండు రంధ్రాల మధ్య ఆవగింజలో సగమంత ముదురు చుక్క చూపించారు. నల్ల సంతతిలో మగ పిల్లలకు అక్కడ రంగు ముందే పడుతుంది. ఆ రోజు నలభై పిల్లలను చూసి వేరు చేశాను, అన్న మళ్లీ ఒక్కొక్కటీ సరిచూశారు.

ఆరు వారాలు నిండాయి. కణితి కోసం మేము వాడింది బి16 అనే మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే కేన్సర్. 1954లో అమెరికాలోని బార్ హార్బర్‌లో, జాక్సన్ ప్రయోగశాలలో, ఒక బ్లాక్ సిక్స్ ఎలుక చర్మం మీద దానంతట అదే పుట్టిన కణితి అది. ఆ ఎలుక ఎప్పుడో పోయింది, దాని కణాలు ఇప్పటికీ ప్రపంచమంతటా గాజు పాత్రల్లో పెరుగుతున్నాయి. అదే సంతతికి చెందినది కాబట్టే బ్లాక్ సిక్స్ ఎలుకల్లో తిరస్కరణ లేకుండా పెరుగుతుంది. ఏ చర్మ కణితిని పడితే దాన్ని ఇలా నాటలేం. అతినీలలోహిత కిరణాలతో ఎలుకలకు తెప్పించిన చర్మ కణితులను అదే సంతతి ఎలుకల్లో నాటితే చాలామటుకు తిరస్కరణకు గురయ్యాయని 1974లో మార్గరెట్ క్రిప్కీ చూపించారు. కిరణాలు ఆ కణితులను అంతగా మార్చేశాయి, శరీరం వాటిని పరాయివిగా గుర్తుపట్టింది. ఎండకూ చర్మ కేన్సర్‌కూ రోగనిరోధక శక్తికీ ఉన్న ముడి అక్కడ స్పష్టంగా కనబడింది. నా మగ చర్మం కథ తర్వాత ఆ పత్రాన్ని వేరే కళ్లతో చదివాను.

బి16 కణాలను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే గొట్టం అడుగున చేరే ముద్ద కాటుకలా నల్లగా ఉంటుంది. అదంతా మెలనిన్ అనే నల్ల రంగు పదార్థం. చనిపోయిన కణాలు నూటికి పదికి మించకూడదు, చనిపోయిన కణాలకే పట్టే ట్రైపాన్ బ్లూ రంగు వేసి సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టి, మంచు గడ్డలో పెట్టుకుని పరుగున యానిమల్ హౌస్‌కు వెళ్లాలి. ఒక్కో అంటులో లక్ష కణాలు, 50 మైక్రోలీటర్లు. సూది చర్మం పొరల మధ్యే ఆగాలి. సరిగ్గా పడితే దోమ కుట్టినట్టు చిన్న బొబ్బ లేస్తుంది. బొబ్బ లేవలేదంటే సూది కిందికి దిగిపోయింది. పదకొండింటికీ బొబ్బ లేచింది.

ఎనిమిదో రోజుకు బొచ్చు గీసిన చోట చర్మం కింద నల్లటి మచ్చ. రోజు విడిచి రోజు కొలిచేవాళ్లం. నేను వెర్నియర్ పట్టుకుని అంకెలు చెబితే అక్క రాసేది. ఏ బోనులో ఏ చర్మం ఉందో ఇద్దరికీ తెలియకుండా మేడమ్ సంకేత నంబర్లు ఇచ్చారు. పొడవును వెడల్పు వర్గంతో గుణించి రెండుతో భాగిస్తే ఘనపరిమాణం. పొడవు 15 మిల్లీమీటర్లు దాటినా, కణితి పుండు పడినా, ఎలుక ముడుచుకుని మూల కూర్చున్నా ఆ ఎలుకకు అక్కడితో ముగింపు. పదహారో రోజున ఒకదానికి పుండు పడింది. అది మేత తింటూనే ఉంది, చురుగ్గానే ఉంది. మరో రెండు రోజులు ఉంచితే నా గ్రాఫులో మరో చుక్క వస్తుంది. అన్న నా మొహం చూసి ఏమీ అనలేదు, ముగింపు కోసం పెట్టెను సిద్ధం చేసి పెట్టారు. నేనే గొట్టంతో ఎత్తి తీసుకెళ్లాను.

ఇరవై రెండో రోజుకు ఆఖరి కొలతలు అయ్యాయి. మేడమ్ సంకేతాలు విప్పారు. జన్యువు లేని చర్మంలోనూ, మామూలు చర్మంలోనూ కణితులు ఒకే వేగంతో పెరిగాయి. రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కారణం చర్మం కాదు, రక్తంలో ఉంది. రెండేళ్లు నేను నమ్మినది తప్పని పదకొండు ఎలుకలు చెప్పాయి, ఈసారి వాటి మాటలో సందేహానికి చోటు లేదు. ఆ తర్వాత, రక్త కణాలు పుట్టేది ఎముక మజ్జలోనే కాబట్టి, మజ్జ మార్పిడి వైపు తిరిగాం. నా సిద్ధాంత వ్యాసంలో చివరి రెండు అధ్యాయాలూ అవే.

బోను ఖాళీ అయినప్పుడు దాని ముందు తగిలించే కార్డును అన్న పారేసేవారు కాదు, దారం కట్టి దాచేవారు. అన్న రిటైరయిన రోజున మొదటి ప్రయోగపు పన్నెండు కార్డులూ అడిగి తీసుకున్నాను. సంతతి, పుట్టిన తేదీ, అంటు కట్టిన తేదీ అన్నీ నా చేతిరాతే. దాత వివరాల దగ్గర చెవి నంబరు ఒక్కటే ఉంది. ఆ రోజే రిజిస్టరు పక్కన పెట్టుకుని, తొమ్మిది కార్డుల మీద ఎర్ర సిరాతో 'మగ' అని, మూడింటి మీద 'ఆడ' అని రాశాను. అన్న ఒక్కో కార్డూ తీసుకుని, నంబరు సరిచూసి, కింద తేదీ వేసి సంతకం పెట్టారు.